ఆగకూడని మలుపు

"కప్పు చేతికందబోతుండగా, చివరి రౌండులో, కారాపి దిగిపోయాడయ్యా," అన్నాడు బీమా ఏజెంటు, సెలూన్‌ బెంచీ మీద పేపరు పడేసి. "చూస్తుంటే ఒళ్లు మండిపోయింది నాకు."

నిన్నటి కారు రేసు గురించి ఆ మాట. పొద్దున్న షాపు తెరిచినప్పటి నుంచీ అక్కడ అదే గోల.

జరిగింది ఇంతే. అందరికంటే ముందున్న ఎర్రకారు గెలుపు మీద ఉంది. ఒక మలుపు దగ్గర, అందరికంటే వెనకబడ్డ పసుప్పచ్చ కారు గోడకి కొట్టుకుని మండుతోంది. ఎర్రకారు డ్రైవరు తన కారాపి, పరిగెత్తి, అందులోని మనిషిని బయటికి లాగాడు. ఈలోగా వెనకున్నవాడు దూసుకుపోయి కప్పు ఎత్తుకుపోయాడు.

ఇందులో తిట్టడానికేముందని అడిగేవాడు ఆ సెలూన్‌లో ఒక్కడూ లేడు. జన్మలో స్కూటరు కంటే పెద్దది నడిపిన పాపాన పోలేదు గానీ, రేసు గురించి మాత్రం అందరూ పండితులే.

"అసలు తప్పు టీముది," అన్నారు లెక్కల మాస్టారు. "టైర్లు మార్చడానికి ఒక రౌండు ముందే పిలిచి ఉంటే ఇంకాస్త దూరం కలిసొచ్చేది. అప్పుడు ఆగి, వాణ్ణి లాగి, మళ్లీ ఎక్కి వెళ్లినా ఇతనే గెలిచేవాడు. నేను లెక్కవేసి చూశాను."

ఒక మనిషి కాలిపోబోతుంటే ఈయన లెక్కవేశారు.

"కష్టం మాస్టారూ," అన్నాడు బార్బరు, కత్తి తుడుస్తూ. "మలుపుల్లో ఆ ఎర్రకారు వెనకభాగం మొదట్నుంచీ జారుతూనే ఉంది. ఇంజను బలం ఉంది గానీ రోడ్డు మీద పట్టేదీ? పైగా ఆ మండే కార్లో వాడి బెల్టు ఇరుక్కుపోయింది. అది కోసేసరికే పుణ్యకాలం కాస్తా అయిపోయింది."

"బెల్టు దాకా ఎందుకు వెళ్లాలి?" అన్నాడు ఏజెంటు. "మంటలార్పేవాళ్లు వస్తూనే ఉన్నారు. పోనీ అందుకోలేకపోయారే అనుకో, బీమా ఉంటుంది. ఇంటివాళ్లకి దక్కేది."

అయితే వీళ్లే నయం అనిపించే మనిషి ఒకడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

కొత్త మొహం. గెడ్డానికి నురగ పూయించుకుని కళ్లు మూసుకున్నాడు. అతను దగ్గినప్పుడల్లా బార్బరు విసుక్కుంటూ కత్తి వెనక్కి తీస్తున్నాడు.

"ఇంతకీ ఎవరి కోసం ఆగాడు?" అన్నాడు ఆ మనిషి, కళ్లు తెరవకుండానే. "ఇన్నేళ్లలో ఒక్క కప్పు ముట్టుకోనివాడి కోసం. మీలో ఒక్కరికైనా వాడి పేరు తెలుసా?"

ఏజెంటు బెంచీ మీది పేపరు అందుకుని తిరగేశాడు.

"అదేదో... నోటిదాకా వస్తోంది," అన్నారు మాస్టారు.

"రాదు. అలాంటివాడు వాడు. మండితే మండనివ్వాల్సింది."

ఏజెంటు కూడా ఉలిక్కిపడ్డాడు. బీమా పేరు చెప్పి అనడం వేరు, ఇలా మొహమ్మీద అనెయ్యడం వేరు.

"అంత మాటెందుకండీ? కారు అదుపు తప్పితే అతను మాత్రం ఏం చేస్తాడు?" అన్నాడు బార్బరు.

"ఊరికే తప్పలేదు. ఇంజను వేడెక్కింది, పక్కకి తీసి ఆపెయ్యమని రేడియోలో మొత్తుకున్నారు. వింటేగా? ఓడినా సరే చివరి గీత దాటాలని పంతం. కుట్టుమిషను లాంటి కారుకి అంత పౌరుషం."

"ఆ సంగతి టీవీలో చెప్పలేదే," అన్నారు మాస్టారు. తనకి తెలియనిది ఇంకొకరికి తెలిస్తే ఆయనకి అన్నం సహించదు.

"వాడి గురించి ఎవరు చెబుతారు?" మళ్లీ దగ్గు.

ఏజెంటు నవ్వాడు. "పందెం గట్టిగానే కాసినట్టున్నారు. బాగా పోయిందా?"

"నాకేం పోలేదు. పోతే అతనికే పోవాలి."

నిజంగా పోయేలాగే ఉంది. ఎర్రకారు అతనికి వయసు మీద పడుతోంది. ఈ ఏడు కప్పు తెస్తే ఉంచుతాం, లేకపోతే లేదని టీము యజమాని ముందే తెగేసి చెప్పాడు. ఏం తేల్చారో ఇవాళ చెబుతామన్నారు. అందుకే గోడ మీది టీవీ పొద్దున్నుంచీ ఆగకుండా మోగుతోంది.

ఆ వార్త రానే వచ్చింది. అతన్ని తీసేశారు. యజమాని తెరమీదికొచ్చి, అతని మంచి మనసుకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆ వెంటనే, వచ్చే ఏడు ఆ కారు నడపబోయే కొత్త డ్రైవరు భుజమ్మీద చెయ్యేసి ఫోటో దిగాడు.

"మంచిపని చేశారు," అన్నాడు ఏజెంటు. "రేసన్నాక జాలీ గీలీ పనికిరావు."

"టైర్ల సంగతి మాత్రం ఎవడూ ఎత్తడు," అన్నారు మాస్టారు.

కుర్చీలో మనిషి దిగ్గున లేచాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప మీద నురగ ఇంకా అలాగే ఉంది.

"థూ," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

అద్దంలో అందరూ కనిపిస్తున్నారు. అన్నది తనని కాదనే ప్రతివాడూ అనుకున్నాడు.

బార్బరుకి చిర్రెత్తుకొచ్చింది. "ఇందాకట్నుంచీ చూస్తున్నాను. మీకు మనిషి ప్రాణమంటే విలువ లేదా?"

"ఆ ప్రాణానికి లేదు."

మెడకున్న తువ్వాలుతోనే మొహం తుడుచుకుని, డబ్బు అద్దం ముందు పెట్టి, సగం గెడ్డంతోనే మెట్లు దిగిపోయాడు.

"ఎలాంటి మనుషులుంటారండీ లోకంలో," అన్నాడు ఏజెంటు, మళ్లీ పేపరు విప్పుతూ. మాస్టారు తలూపారు. బార్బరు కుర్చీ దులిపి, తర్వాత ఎవరని అడిగాడు.

వీధి చివరిదాకా నడిచాక అతను ఫోను తీసి, అవతలి గొంతు పలకగానే, "ఆ మంటల్లోంచి నన్నెందుకు లాగావన్నా?" అన్నాడు.