సంపూర్ణ కోసం ప్రార్థన

తెల్లచీర కుచ్చెళ్ళ మీద నెత్తురు మరక ఎండి నల్లబడింది. ఆ చీరతోనే సంపూర్ణ కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొడుతోంది.

చీర మార్చుకునే తీరికేదీ? గడప లోపల కాలు పెట్టిందో లేదో మొగుడు స్తెఫను ఎదురొచ్చాడు.

"చాయ్ జల్దీ పెట్టు. పాస్టరు అయ్యగారు వచ్చే యాళైంది."

అంతే. ఇంత పొద్దుపోయిందేమని అడగలేదు. ఆ నెత్తురేమిటని అడగలేదు. మనిషి మొహం వంక చూస్తేగా అడగడానికి!

అడుగుతాడని దారి పొడుగునా ఆశపడింది పిచ్చిది. ఆమె నర్సు. తండా నుంచి జూలూరుపాడు దాకా అడవి బాటలో ఒక్కతే నడుస్తూ, ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆ రోజు జరిగింది ఆమె నౌకరీలో ఎన్నడూ జరగలేదు మరి.

చాయ్‌పొడి డబ్బా మూత తీసింది.

బుధవారం ప్రార్థన కూడిక ఎప్పుడూ వాళ్ళింట్లోనే. స్తెఫను బడిపంతులు, పైగా సంఘపెద్ద. పదిమందినీ పిలవడం ఆయన వంతు, పెట్టడం ఈమె వంతు.

ముందు పాటలు, తర్వాత వాక్యం, ఆఖరున సాక్ష్యాలు. ఆ వారం దేవుడు తమకేం మేలు చేశాడో ఒక్కొక్కరే లేచి చెప్పుకుంటారు. సరిగ్గా ఆ వేళకే చాయ్ మరగాలి. అందుకని పెళ్ళయి వచ్చిన నాటి నుంచి సంపూర్ణ సాక్ష్యం చెప్పిందే లేదు. చెప్పమ్మా అన్నవాళ్ళూ లేరు.

ఇవాళా పాటలు, వాక్యం అయిపోయాయి. ముందుగదిలోంచి మరియమ్మ గొంతు వినిపిస్తోంది. తప్పిపోయిన మేక దొరికిందట.

"దేవునికి స్తోత్రం!" అన్నారందరూ.

ఇంకొకాయనకు కొత్తగూడెం బస్సులో సీటు దొరికిందట. దానికీ స్తోత్రమే.

సంపూర్ణకు ఒళ్ళు మండిపోయింది. మేకకు స్తోత్రం, బస్సు సీటుకు స్తోత్రం! చేతిలో ఉన్న పళ్ళెం గట్టు మీద దభీమని పెట్టింది. గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"ఏందా చప్పుడు?" ముందుగదిలో ఒకరి గొంతు.

ఆ తర్వాత స్తెఫను గొంతు, తేనె పూసుకుని.

"అయ్యగారూ, నాదొక మనవి. మా ఇంటామెకు ఈ మధ్య కోపం ఎక్కువైంది. దేవుడు ఆమెకు శాంతం ఇచ్చేటట్టు అందరు ప్రార్థన చెయ్యాలె."

"అయ్యో పాపం, తప్పకుండ" అన్నారెవరో.

సంపూర్ణ చెవులు వేడెక్కాయి. ఛీ! నలుగురిలో! తన ఇంట్లో, తను పెట్టే చాయ్ కోసం కూర్చున్న నలుగురిలో!

చాయ్ గిన్నెను స్టవ్వు మీదే వదిలేసి చరచరా ముందుగదిలోకి వచ్చింది.

"అయ్యగారూ, నాకు సాక్ష్యం ఉన్నది."

"చాయ్ తాగినంక చెప్పొచ్చు తియ్యి" అన్నాడు స్తెఫను.

"ఇప్పుడే చెప్త."

సంసోను అయ్యగారు బైబిలు మూసి పక్కన పెట్టాడు. "చెప్పమ్మా."

"పొద్దుగాల తండా నుంచి మంగీలాల్ ఉరికొచ్చిండు, పెండ్లానికి నొప్పులని. నేను పోయేసరికి రూప్లి సగం పానంతోటి ఉన్నది. పగలంత అవస్థ పడ్డంక బిడ్డ బయటపడ్డది. ఒళ్ళంత నీలం. ఉలుకు లేదు, పలుకు లేదు. గుడ్డ కప్పుమన్నరు ముసలోళ్ళు. నేను కప్పలే. నోట్ల నోరు పెట్టి ఊదిన. నాకు కండ్లు తిరిగేదాక ఊదిన."

కుచ్చెళ్ళ మీది నెత్తురు మరకను అందరికీ పట్టి చూపింది. ఏడుపుతో కాదు, కోపంతో.

"ఏడ్చింది. ఆడపిల్ల. అది ఏడుస్తుంటే నేను గూడ ఏడ్చిన. ఈయనకు చెప్పుకుందామని అంత దూరం ఉరుకులు పరుగుల మీద వచ్చిన. చాయ్ పెట్టుమన్నడు."

స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మరియమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సంపూర్ణా, గిదంత నలుగురిల..." పళ్ళు బిగబట్టి అన్నాడు స్తెఫను.

"నా కోపం సంగతి నలుగురిలనే గద చెప్పిన్రు మీరు? అవ్, కోపమే. శానా ఉన్నది. ప్రార్థన చెయ్యమన్నరు గద, కానియ్యిండి."

చాప మీద మరియమ్మ పక్కన కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె నడుము వాల్చింది లేదు. గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది.

అందరూ తలలు వంచారు. అయ్యగారు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, మా సోదరి సంపూర్ణ..."

అక్కడే ఆగిపోయాడు.

వంటింట్లో చాయ్ పొంగి స్టవ్వు మీద పడ్డ చప్పుడు. మాడు వాసన ముందుగదిలోకి వచ్చింది.

"సంపూర్ణా, చాయ్ పొంగుతున్నది" అన్నాడు స్తెఫను గుసగుసగా.

"ప్రార్థన నడుస్తున్నది. మాట్లాడకుండ్రి" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.



స్తెఫను కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ వెంటనే వంటింటి వైపు అడుగుల చప్పుడు.