ఎజ్రా పలకని పేరు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒక మాట రాసి, పైకి చదువుకుంటే గానీ రెండో మాటకు పోలేను. అందుకే చిన్నదే రాశాను.

అప్పట్లో కెంటకీ రాష్ట్రంలో చీటీల ఓటు లేదు.

ఆగస్టులో కోర్టు మెట్లెక్కి, ఎన్నిక జరిపే అధికారి షరీఫు బల్ల ముందు నిలబడి, తనకు కావలసినవాడి పేరు అందరూ వినేలా పలకాలి. పోటీ చేసేవాళ్ళు ఆ బల్ల పక్కనే కూర్చునేవారు. తమ పేరు పలికినవాడికి లేచి, టోపీ తీసి కృతజ్ఞత చెప్పేవారు.

ఆ ఏడు శాసనసభకు నిలబడినవాళ్ళిద్దరు. ఒకరు కెప్టెన్ రస్క్. మిల్లూ, ఊళ్ళో సగం ఇళ్ళూ ఆయనవే. ఆ ఇళ్ళల్లో ఉండేవాళ్ళు ఆయన పేరే పలకాలి.

రెండోవాడు లాయరు ఓబెడ్ లార్కిన్. కొండల అవతలి నుంచి వచ్చినవాడు. కొట్లో ఉప్పు తూచుకుంటూ చట్టం చదివాడట. ఎవరూ ముట్టని కేసులు పట్టేవాడు. అప్పటికే ఒకసారి నిలబడి ఓడాడు.

"ఈసారీ పోతే ఇక నన్నెవరూ నిలబెట్టరు" అని తనే నవ్వుతూ చెప్పేవాడు.

వడ్రంగి ఎజ్రా పెల్హామ్ తమ్ముడిని ఉరికంబం దాకా పోనివ్వకుండా వెనక్కి తెచ్చింది ఆయనే.

అందుకే ఎన్నికల ఉదయం ఎజ్రా ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

మంచం మీద నుంచి భార్య టెంపరెన్స్ చూసింది. బిడ్డ పుట్టి వారం కాలేదు. జ్వరం ఇంకా తగ్గలేదు.

"మనం ఉంటున్నది ఎవరి ఇంట్లోనో గుర్తుందా?"

"ఉంది."

"లార్కిన్ పేరు పలికితే ఈ పూటే వెళ్ళగొడతారు. నన్ను ఈ మంచంతో సహా మోస్తావా?"

"పలక్కపోతే తమ్ముడి మొహం ఎలా చూడను?"

"మరి నా మొహం?"

ఎజ్రా తలుపు తీశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళాడు.

కోర్టు ముందు విస్కీ పీపాలు తెరిచి ఉన్నాయి. వెనక గోడ నీడలో రస్క్ గారి గుర్రబ్బండి ఖాళీగా నిలబడి ఉంది. మెట్లకు అటూ ఇటూ రస్క్ మనుషులు కర్రలతో నిలబడ్డారు.

"ఏరా ఎజ్రా, నోరు తడుపుకున్నావా? పేరు తడబడగలదు" అన్నాడొకడు.

"నోటి సంగతి సరే, ఇంటి కప్పు సంగతి అడుగు" అన్నాడింకొకడు.

ఎజ్రా బల్ల ముందుకు వచ్చాడు.

"ఎవరికి?" అన్నాడు షరీఫు.

ఎజ్రా నోరు తెరిచాడు.

"ఆగండి." లార్కిన్ లేచి నిలబడ్డాడు. "ఈ ఓటుకు నా అభ్యంతరం. పోయిన చలికాలమంతా ఇతను ఏటి అవతల ఇండియానా రాష్ట్రంలో కలప కోశాడు. ఈ ఊరివాడు కాదు."

అందరూ లార్కిన్ వైపు తిరిగారు. తరువాత రస్క్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా ఇంట్లో ఉన్నవాడు కదా, నా పేరే చెబుతాడని లాయరు గారికి గుబులు పుట్టింది."

"ఈ ఊరివాడినేనని ప్రమాణం చేస్తావా?" అని షరీఫు ఎజ్రాను అడిగాడు.

ఎజ్రా ముఖం కందగడ్డలా అయింది.

"నేను పుట్టింది ఇక్కడ. మా నాన్నను పూడ్చింది ఇక్కడ. నాకు ప్రమాణమా? ఆ సంగతి ఈయనకు తెలియదా? ఈయన్నే అడగండి."

లార్కిన్ తలెత్తలేదు. "నా అభ్యంతరం అలాగే ఉంచండి" అన్నాడు.

ఎజ్రా ఆయన బూట్ల మీద ఉమ్మి, ఏ పేరూ పలక్కుండా మెట్లు దిగిపోయాడు. ఆ మాట విని, లార్కిన్ పేరు పలకడానికి వస్తున్న తమ్ముడూ, ఏటి ఒడ్డున కలప కోసేవాళ్ళూ దారిలోంచే వెనక్కి తిరిగారు.

లార్కిన్ కొద్దిలో ఓడిపోయాడు.

ఆ తరువాత ఆయన దగ్గరకు కేసులు రాలేదు. వీధిలో కనిపిస్తే చాలు, "లాయరు గారూ, నేను ఈ ఊరివాడినేనా?" అని పిల్లలు కూడా అడిగేవారు. ఆయన టోపీ తాకి సాగిపోయేవాడు. చలికాలంలో ఊపిరితిత్తుల జ్వరం వచ్చి సత్రం గదిలో పోయాడు.

శవపేటిక కోసం సత్రం యజమానురాలు ఎజ్రాకు కబురు పంపింది. ఊళ్ళో పేటికలు చేసేది అతనొక్కడే.

"ఆయన ఈ ఊరివాడు కాదుగా. వాళ్ళ ఊరి నుంచే తెప్పించుకోమను" అన్నాడు ఎజ్రా.

మర్నాడు వానలో ఒక బండి ఎజ్రా గుమ్మం ముందుకు వచ్చింది. అందులో లార్కిన్‌ను దుప్పట్లో చుట్టి పడుకోబెట్టారు. వెనక నడిచేవాళ్ళెవరూ లేరు. రస్క్ బండివాడు టోబ్ గుర్రాన్ని ఆపాడు.

"పేటిక చెయ్యనన్నావట."

"అన్నాను."

"ఈ బండిని గుర్తుపట్టావా?"

"రస్క్ గారిది. అయితే?"

"ఎన్నికల పూట కోర్టు వెనక నిలబెట్టాను దీన్ని. నీ నోట లాయరు పేరు రాగానే, నీ బాలింతనూ బిడ్డనూ ఇందులో వేసి ఏటి అవతల దించి రమ్మన్నారు కెప్టెన్ గారు."

ఇంట్లో బిడ్డ ఏడుస్తోంది. ఎజ్రా వెనక్కి తిరగలేదు.

టోబ్ తడిసిన పగ్గాలు సవరించుకున్నాడు.

"పొద్దున్నే లార్కిన్ గారు వచ్చి, బండి ఎవరి కోసమని అడిగారు. చెప్పాను. గుర్రం మెడ నిమిరి, లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు."

— టెంపరెన్స్ పెల్హామ్. వయసు డెబ్బై నాలుగు. ఇప్పుడుంటున్నది ఇండియానాలో, ఆ ఆగస్టులో పుట్టిన మా అమ్మాయి ఇంట్లో.