చెలమ దగ్గర తీర్పు

వాగు ఎండిపోయింది. ముసలి ఏనుగు ఇసుకలో చెలమ తవ్వింది కానీ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. జింకపిల్ల దాహంతో సొమ్మసిల్లుతోంది.

చెత్తకుప్ప మీది కాగితాలు చదివి పండితుడైన కాకి కొమ్మ మీంచి తీర్పు చెప్పింది. "తన నీళ్లు తనూ తాగకపోతే పిసినారితనం. అన్నీ తనే తాగాలనుకుంటే స్వార్థం. నీది స్వార్థమే, ఏనుగత్తా!"

"కొత్త చెలమ. నీళ్లు తేరనీ, అల్లుడూ."

కాకి ఆగలేక చెలమలోకి దూకింది. గట్టు జారి నీళ్లు బురదైపోయాయి.

ఏనుగు కసరకుండా మళ్లీ తవ్వింది. నీళ్లు తేరాక ముందు జింకపిల్లను పిలిచింది, తర్వాత అందరినీ, కాకినీ. చివర్న మిగిలిన గుక్కెడు తను తాగింది.

"నువ్వు చేసినదాన్నేమంటారు, కాకిమావా?" అంది తేరుకున్న జింకపిల్ల.

"కక్కుర్తి," అంది కాకి తల దించుకుని. "అత్త చేసినదానికి నా దగ్గర మాట లేదే!"