ఓడమీది ఉత్తరాలు

"ఏం మల్లప్పా, ఓడ ఇంకా మునగలేదా?"

రుక్మిణమ్మ బెంచీ మీద కూర్చుంటూనే అడిగింది. పక్కన పొరుగింటి రత్నమ్మ కిసుక్కుమంది.

"మునగలేదమ్మా. ఉత్తరం వచ్చుండాది," అన్నాడు మల్లప్ప, కళ్లద్దాలు సర్దుకుంటూ.

2003వ సంవత్సరం. పుంగనూరు బస్టాండు దగ్గర ఇంటర్‌నెట్ సెంటర్. మల్లప్ప అందులో ఆపరేటరు. యాభై దాటినవాడు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరు. కంప్యూటర్లొచ్చి టైపుమిషన్లను తూకానికి పంపించాక, పొట్ట చేత పట్టుకొని శత్రువు దగ్గరే పనికి చేరాడు.

మాలతి, రుక్మిణమ్మ ఒకే వీధిలో పుట్టి, పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు. మాలతి కుప్పం గ్రానైటు వ్యాపారిని చేసుకుంది. ఆయన బండల్ని ఓడలెక్కించి ఎక్కించి, చివరికి పెళ్లాన్నీ ఎక్కించాడు. రెండు నెలల విహారయాత్ర.

"రోజూ కంప్యూటర్లో ఉత్తరం రాస్తానే రుక్కూ," అని చెప్పి వెళ్లింది మాలతి.

ఆ మాట రుక్మిణమ్మ వీధంతా చెప్పుకుంది. చెప్పుకున్నాక ఉత్తరాలు రాకపోతే వీధి ఊరుకుంటుందా?

వచ్చాయి. ఇంగ్లీషులో. రుక్మిణమ్మకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, అర్థాలతో పరిచయం లేదు. అందుకే ప్రతి మంగళ, శుక్రవారాలూ మల్లప్ప తెర మీద చూసి తెలుగులో చెప్పేవాడు.

గొంతు సవరించుకున్నాడు.

"'రుక్కూ, ఈ పొద్దు సముద్రం మన సంత మాదిరి గోలగోలగా ఉండాది. కాఫీలో పోసేది పాలు కాదు, సున్నపు నీళ్లు. నీ చేతి కాఫీ తలచుకొని మింగినా.'"

"సూసినావా రత్నా! ఆడికి పోయి గూడా నా కాఫీనే!"

"కాఫీ సరే. ఈయప్ప చదివితే మాత్రం సావు కబురు మాదిరి ఉండాది. నోట్లో ఏమన్నా పెట్టుకోనుండావా మల్లప్పా?"

మల్లప్ప నవ్వాడు. పైవరసలో రెండు పళ్లు లేవు. వాటి మీదా ఒక జోకు పడింది. దానికీ నవ్వాడు.

ఆ శుక్రవారం కరెంటు పోయింది. మల్లప్ప పాత పళ్లబ్రష్షుతో కీబోర్డు దుమ్ము దులుపుతున్నాడు. బెంచీ మీద రుక్మిణమ్మ రత్నమ్మ దగ్గర గొంతు తగ్గించింది.

"గర్భసంచి తీసేయాలంటాండారే. వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం, మదనపల్లెలో. పడుకుంటే మళ్లీ లేస్తానో లేదో అని భయంగా ఉండాది. మా ఆయనకు, నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు."

మంగళవారం ఉత్తరం వచ్చింది.

"'రుక్కూ, నిన్న మా ఓడకు తుపాను తగిలింది. కెప్టెన్ వచ్చి, మీరు పండుకోండి, మెలకువగా ఉండేది నా పని అన్నాడు. నీ ఆపరేషన్ గూడా అంతే. నువ్వు పండుకో. మెలకువగా ఉండేది డాక్టరు పని.'"

రుక్మిణమ్మ దిగ్గున లేచింది.

"ఆపరేషనా? దానికెట్ల తెలిసె?"

మల్లప్ప చటుక్కున తెర ఆర్పేశాడు.

"పొంచి విని దానికి రాసినావు కదా? ఆడోళ్ల గర్భసంచి సంగతి ఓడెక్కించినావు గదరా!"

చెప్పు చేతికొచ్చింది. అది విసిరేలోపే ఓనరు ముద్దుకృష్ణ పరుగెత్తుకొచ్చాడు.

"నిజమేనా మల్లప్పా?"

"తప్పయిపోయింది," అన్నాడు మల్లప్ప.

"రేపట్నుంచి రావద్దప్పా."

టిఫిను క్యారియరు, పళ్లబ్రష్షు తీసుకున్నాడు. మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు.

"సోమవారం పొద్దున నీళ్లు గూడా తాగొద్దమ్మా. మత్తు ఇస్తారు."

"ఇంకా సలహాలు సూడు!" అంది రత్నమ్మ. ఆ మాట వీధిలో మూడు రోజులు నవ్వులు పూయించింది.

ఆపరేషనుకు ముందు మాలతి మాట ఒకటి విని పోదామని శుక్రవారం మళ్లీ వచ్చారు. మల్లప్ప కుర్చీలో ముద్దుకృష్ణ తమ్ముడి కూతురు పావని ఉంది. మదనపల్లె దగ్గర అంగళ్లు కాలేజీలో ఇంజనీరింగు చదువుతోంది.

"మాలతి ఉత్తరం సూడు పాపా. వారానికి రెండు రాస్తాది."

"ఒక్కటే ఉండాదక్కా. నెలన్నర కిందటిది."

"ఏమని?"

"'ఓడెక్కినాం. ఈడ నెట్టు చానా ఖరీదు. తిరిగొచ్చినాక మాట్లాడతా. నువ్వు ఊరికే మెయిళ్లు పెట్టొద్దు.' అంతే."

"సరిగ్గా సూడు పాపా! పన్నెండు ఉత్తరాలు విన్నాం మేము," అంది రత్నమ్మ.

పావని వెతికింది.

"ఆ, ఈడుండాయి. ఇవి వచ్చినవి కాదక్కా. మీ అకౌంటులోనే ఎవురో టైపు చేసి, పంపకుండా దాచి పెట్టినవి. పన్నెండు కాదు, పదమూడు."

రుక్మిణమ్మ తెర దగ్గరికి వంగింది.

"ఆ పదమూడోది చదువు."

"'రుక్కూ, ఇంక కొన్నాళ్లలో ఓడ దిగుతా. ఇంటికొచ్చినాక ఈ ఉత్తరాల సంగతి నా దగ్గర ఎత్తొద్దు. రాసినంత బాగా నాకు ఎదురుగా మాట్లాడను రాదు.'"



"మల్లప్పను పోయి పిలుచుకొద్దామా?" రత్నమ్మ మెల్లగా అడిగింది.

"పిలిస్తే ఎందుకని అడగరా? మాలతి ఒక్క ముక్కా రాయలేదని వీధంతా తెలిసిపోదా?"

రుక్మిణమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత పావని వైపు తిరిగింది.

"అవన్నీ తీసెయ్ పాపా."

సోమవారం మదనపల్లెలో మత్తుసూది ఎక్కుతుంటే, "నువ్వు పండుకో" అన్న మాట ఆమెకు మాలతి గొంతులో కాదు, రెండు పళ్లు లేని గొంతులో వినిపించింది.