రోజుకో ఫోను

"ఏవండీ హర్షగారూ, రొయ్యలు చచ్చాక మోగుతుందాండీ మీ గంట?"

రొయ్యల రైతు భీమరాజు సెల్లును టేబులు మీద విసిరినంత పని చేశాడు. భీమవరంలో ఎరువుల కొట్టు మీది గదిలో నడిచే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆయన రావడం ఇది పన్నెండో రోజు. పది కొట్టేసరికి దిగుతాడు. ఎంత తిట్టినా 'అండీ' మాత్రం మానడు. హర్షకి ఒళ్లు మండేది అక్కడే.

అది 2008. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు సెల్లులో గంట మోగించే ప్రోగ్రాం హర్ష రాశాడు. మోగితే రైతు పరుగెత్తి, నీళ్లని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేసుకుంటాడు. మోగకపోతే పంటంతా చచ్చి తేలుతుంది. సోమవారం దాన్ని రెండు వందల మంది రైతులకి ఇవ్వాలి.

పరీక్షించడానికి రకరకాల సెల్లులు కొందామా అని యజమాని సాంబశివరాజు మొదట్లోనే అడిగాడు. "దండగ సార్. కంప్యూటర్లో బొమ్మ ఫోనుంది, దాని మీద చూస్తే చాలు," అన్నాడు హర్ష.

"ఇక్కడ బాగానే మోగుతోందండి," హర్ష తెర చూపించాడు.

"మీ బొమ్మ ఫోను లుంగీ మడతలో పెట్టారాండీ? తడిచేత్తో నొక్కారాండీ? పొద్దున్న మా బావమరిది ఓ మిస్డ్ కాల్ ఇచ్చాడు. అంతే, మళ్లీ మోగితే ఒట్టు!"

"మిస్డ్ కాల్స్ ఇవ్వొద్దని చెప్పండి!"

"ఈ జిల్లాలోనాండీ?"

హర్ష పళ్లు నూరుకున్నాడు. చూస్తే నిజమే. మిస్డ్ కాల్ వస్తే ప్రోగ్రాం ఆగిపోతోంది. సాయంత్రానికి సరిచేశాడు. నిన్న తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలొచ్చాయని గొడవ, మొన్న ఎండలో తెర కనబడలేదని గొడవ. రోజుకో ఫోను, రోజుకో తగువు. తప్పు దొరికిందన్న బాధ కన్నా అది ఈ మనిషికి దొరికిందన్న కోపమే ఎక్కువ.

మర్నాడు భీమరాజు ఇంకో ఫోను పట్టుకొచ్చాడు. "దీంట్లో అసలు తెరుచుకోవట్లేదండీ. తమరు చదువుకున్నారాండీ, కొనుక్కున్నారాండీ?"

హర్ష కుర్చీ తన్ని లేచాడు. రాజీనామా రాసి, యజమాని గదిలోకి దూసుకుపోయాడు.

"ఆయన రావాలో నేనుండాలో తేల్చండి సార్!"

"ఆయన చెప్పినవి అబద్ధాలా?"

"నిజాలే! పదమూడూ నిజాలే! కానీ ఒక్క రైతుకి ఇన్ని ఫోన్లేంటి సార్? ఆ చెరువు చూసుకోడా? రేపొస్తే మెట్ల మీంచి తోసేస్తాను!"

సాంబశివరాజు కాగితం చదివి, నిదానంగా రెండు ముక్కలు చేశాడు.

"ఫోన్లు కొందామంటే దండగన్నావు కదయ్యా. ఆ తోసే పని మాత్రం పెట్టుకోకు."

"ఎందుకు సార్?"

"ఆయనకి జీతమిచ్చేది నేనే."