ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుక

"ఛీ! మళ్ళీ వెంట్రుకే!"

సాంబమూర్తి ట్వీజర్లు బల్ల మీద విసిరికొట్టాడు. ఆయన అరచేతిలో బొమ్మ రైలింజన్ వెల్లకిలా పడి ఉంది. దాని ఇరుసుకు నల్లటి వెంట్రుక ఒకటి గ్రీజులో నాని, మురికి ఉండలా చుట్టుకుంది. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకి కంచం తోసేసే మనిషి. అలాంటిది వారం రోజులుగా ఇంజన్లోంచి వెంట్రుకలు పీక్కుంటూ కూర్చున్నాడు.

"అండాలమ్మా! ఇలా రా!"

గిన్నెలు తోముతున్న పనిమనిషి తడి చేతులతో గుమ్మం దగ్గరికొచ్చింది.

"ఏంది సారూ?"

"ఇదీ! నీ తల్లోదే."

"నేను పైలంగనే ఊడుస్తున్న సారూ. కొప్పు గూడ ఇప్పలే."

"మరెవరిది? మీ అమ్మగారి తల ముగ్గుబుట్టయి ఎన్నేళ్ళయింది!"

వంటింట్లోంచి వేదవతి తొంగి చూసింది. "అదికాదండీ, నేనేమంటానంటే..."

"నువ్వేమీ అనకు!"

వేదవతి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన దగ్గర ఎత్తకూడని మాటలు కొన్నున్నాయని ఆమెకి కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ ఫంక్షన్ హాల్లో బొమ్మ రైళ్ళ ప్రదర్శన ఉంది. పోయినేడు ఆయన ఇంజన్ అందరి ముందూ ఆగిపోతే వేలితో తోసుకోవాల్సి వచ్చింది. తనలాగే రైళ్ళు తెచ్చిన చంపాపేట్ వంశీకృష్ణ పళ్ళికిలించిన తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. లోపమంతా ఇంజన్ కింద ఉండే మోటారు బోగీదే. చిన్న మోటారు, నాలుగు చక్రాలు, వాటిని తిప్పే గేర్లు, అగ్గిపెట్టెంత ఉంటుందంతే. ఏడాదంతా దాంతోనే కుస్తీ పట్టాడు. ప్లాస్టిక్ గేర్లు పారేసి ఇత్తడివి వేశాడు. పట్టు కోసం సీసం ముక్క అతికించాడు. నేల మీది చెత్త ఎక్కకుండా అడుగున రేకు బిగించాడు. ఇంత చేస్తే, ఇదిగో, వెంట్రుక!

"ఇంకొక్కసారి వచ్చిందంటే నీకు ఈ ఇంట్లో పని లేదు," అన్నాడు.

అండాలమ్మ ముఖం పాలిపోయింది. కాన్పుకొచ్చిన కూతురు మీర్‌పేట్‌లోని ఇంట్లో ఉంది. ఈ పని పోతే ఇల్లు గడవదు.

"మా రమ్య కాన్పు మంచిగైతే గుట్టకు తలనీలాలిస్తనని మొక్కిన సారూ. పిల్ల పుట్టినంక ఇద్దామనుకున్న." కొప్పు తడుముకుంది. "ఇప్పుడే ఇచ్చొస్త. పని మాత్రం తీసెయ్యకుండ్రి."

"అంత పని ఎందుకే!" అంది వేదవతి.

"ఇవ్వనీ. శుభ్రంగా ఉంటుంది," అన్నాడు సాంబమూర్తి.

యాదగిరిగుట్ట నుంచి అండాలమ్మ గుండుతో, గంధంతో, కొంగు నెత్తిన కప్పుకుని తిరిగొచ్చింది. సాంబమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు. పట్టాలను నేల మీంచి బల్ల మీదికి మార్చాడు. బోగీని విప్పి పెట్రోలుతో కడిగాడు. కాగితమంత పల్చటి వాషర్లు ఎగిరిపోతాయని ఫ్యాన్ కూడా ఆపేశాడు. చెమటకి దురదపెట్టిన నెత్తి బరబరా గోక్కుంటూ, బోగీకి ముక్కు ఆనేంతగా వంగి ఒక్కో స్క్రూ బిగించాడు.

శనివారం సాయంత్రం ఆడవాళ్ళిద్దరినీ పిలిచాడు. వేదవతి కూరగాయలూ కత్తిపీటా తెచ్చుకుని అక్కడే చతికిలబడింది. ఇంజన్ సన్నగా జుమ్మంటూ కదిలింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు.

"చూశావా వేదా! వంశీకృష్ణ ముఖం రేపు చూడాలి!"

కిర్రుమంది. ఆగిపోయింది.

సాంబమూర్తి ఇంజన్ను తిరగేశాడు. ఇరుసుకు నల్లగా, కొత్తగా, ఇంకో వెంట్రుక.

"ఛీ ఛీ ఛీ! రేపట్నుంచి రాకు!"

"నెత్తిల ఒక్క ఎంటిక లేదు సారూ!" అండాలమ్మ కొంగు జారిపోయింది. ఆమె పైకి లాక్కోలేదు. "ఇంకేమియ్యాలె?"

"మీ ఇంట్లోవాళ్ళది నీ చీరకి అంటుకొచ్చుంటుంది. ఎంత అసహ్యం! ఎవరెవరి వెంట్రుకలో ముట్టుకోవాల్సిన ఖర్మ నాకేంటి?"

వేదవతి కత్తిపీట పక్కకి నెట్టి లేచింది. ఈసారి 'అదికాదండీ' అనలేదు. చెయ్యి కొంగుకి తుడుచుకుని భర్త దగ్గరికి నడిచింది.

ఆయన తలమీది విగ్గు తీసి అండాలమ్మ చేతిలో పెట్టింది.