ఎర్ర పిట్టల రవిక

సైనికులు పూడ్చిన గోతిలో మట్టి తుడవగానే ఎర్ర పిట్టల నేత బయటపడింది. ముప్పై ఏళ్లుగా కూతుళ్ల కోసం వెతుకుతున్న కతాల్, షీవ్ ఇద్దరూ వంగి చూశారు.

"నా బిడ్డే!" అంటూ కతాల్ ఎముకల పక్కన కూలబడింది. ఇషిల్ పల్లెల్లో మనిషిది ఏ ఊరో రవికే చెబుతుంది. "చూడవే షీవ్, మా పిట్టల రంగే పోలేదు! మీ ఊరి పూలైతే ఎప్పుడో మట్టిలో కలిసేవి!"

గోతిని తవ్విస్తున్న అధికారి షీవ్ వైపు తిరిగి, "మీ అమ్మాయి ఇందులో లేనట్టేనమ్మా," అన్నాడు.

షీవ్ కతాల్ వీపు నిమిరింది. "ఏడవకక్కా. దొరికిందిగా."

పూల రవికలు చూసి సైనికులు తన ఊరివాళ్లను ఏరి చంపుతున్న రోజుల్లో, కూతురైనా బతకాలని ఎర్ర పిట్టల రవిక సంతలో కొని తొడిగింది షీవే. భుజం వదులైతే నీలిదారంతో కుట్టు కూడా వేసింది.

ఆ కుట్టు ఇంకా ఊడలేదు.